1984 హోండా ఏటీసీ 200ఎక్స్‌ని ఫ్లాట్ ట్రాక్‌కి తయారు చేస్తున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

శ్రీను_డేటన్:

అందరికీ నమస్కారం. ఒహాయోలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ళ కింద ఒక స్నేహితుడు లైమా ఫెయిర్‌గ్రౌండ్స్‌లో హాఫ్ మైల్ ఫ్లాట్ ట్రాక్ రేసుకి తీసుకెళ్ళాడు, అంటే చదునైన మట్టి, గులక ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ చుట్లు కొట్టే రేసు. బైకులు అడ్డంగా జారుతూ మలుపు తిరుగుతుంటే కంచె దగ్గర నిలబడ్డ నా చొక్కా మీద సన్న గులకలు వచ్చి పడ్డాయి. ఆ రోజు నుంచి ఈ పిచ్చి పట్టుకుంది. పోయిన సెప్టెంబరులో ఇంకో కౌంటీ ఫెయిర్‌లో పాత మూడు చక్రాల బళ్ళకి విడిగా ఒక రేసు పెట్టారు. పది బళ్ళు ఉంటాయేమో. నడిపేవాళ్ళలో అరవై దాటినవాళ్ళు కూడా ఉన్నారు. నేనూ ఒకటి తయారు చేసుకుని వచ్చే వేసవికి ట్రాక్ ఎక్కాలని అక్కడే అనుకున్నాను.

నెల కింద ఒక పాత షెడ్డులో పడి ఉన్న 1984 ఏటీసీ 200ఎక్స్ కొన్నాను, హోండా వాళ్ళ మూడు చక్రాల బండి. 192 సీసీ, ఫోర్ స్ట్రోక్, ఎయిర్ కూల్డ్. పదిసార్లు కిక్ కొడితే స్టార్టయింది. పొగ కొంచెం నీలంగా వస్తోంది. వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపితే టక్ టక్ మంటోంది. ఫ్రేముకి కొత్తగా ఎర్ర రంగు వేసి ఉంది.

గరాజ్ ఉంది, చలికాలం అంతా టైముంది, 2500 డాలర్లు పక్కన పెట్టుకున్నాను. ముందు ఇంజిన్ దించి పెద్ద పిస్టన్ వేయించి పవర్ పెంచుకుందామని నా ఆలోచన. ఇది సరైన వరసేనా? ఇంట్లో కూడా టెన్షన్ పడుతున్నారు, మూడు చక్రాల బండి బోల్తా పడుతుందట కదా అని. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్_అబ్బాయి:

తమ్ముడూ, ఇంజిన్ జోలికి ఇప్పుడే వెళ్ళకు. నీ డబ్బులో ముప్పాతిక వంతు ఇరుసుకీ, టైర్లకీ, బ్రేకులకీ పోవాలి.

మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ ఉండేది. నేను స్పానర్ల సైజులు నేర్చుకున్నది అక్కడే. ఇప్పుడు ఇండియానాలో ఉంటున్నాను. నాదీ 200ఎక్సే, 1983 మోడల్. నువ్వు అనుకున్నట్టే నేనూ మొదటి చలికాలం డబ్బంతా ఇంజిన్‌లో పోశాను. సిలిండర్‌ని లోపల కోయించి వెడల్పు చేయించాను (బోరింగ్), వాల్వులు తెరిచే కామ్ మార్చాను. ఏప్రిల్‌లో ప్రాక్టీసుకి వెళ్ళి స్ట్రెయిట్‌లో గ్యాస్ ఇచ్చి మలుపు దగ్గర హ్యాండిల్ తిప్పితే, ముందు చక్రం ఎడమకి తిరిగింది కానీ బండి మాత్రం నేరుగా కంచె వైపే తోసుకుపోయింది. పవర్ ఎక్కువయ్యేకొద్దీ ఆ తోపుడూ ఎక్కువైంది.

ఎందుకలా జరుగుతుందో ముందు అర్థం కావాలి. మన ఎడ్లబండి చూడు. ఇరుసు కదలదు, చక్రం శీల పక్కన దాని మీద విడిగా తిరుగుతుంది. అందుకే మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరిగి బండి సులువుగా మళ్ళుతుంది. మన ఆటోకైతే రెండు వెనక చక్రాలనీ వేరే వేరే వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంటుంది. ఏటీసీకి ఈ రెండూ లేవు. ఇరుసూ రెండు చక్రాలూ ఒకే ముక్కలా తిరుగుతాయి. రెండు చక్రాలూ ఒకే దూరం దొర్లుతుంటే బండి నేరుగానే పోతుంది, మలుపు తిరగాలంటే వాటిలో ఒకటి జారాలి. అందుకే మలుపులో ఒంటిని లోపలికి వాల్చి, బరువు మాత్రం బయటి ఫుట్‌పెగ్ (కాలు పెట్టుకునే కడ్డీ) మీద వేయాలి. ఫ్లాట్ ట్రాక్‌లో మలుపులన్నీ ఎడమకే కాబట్టి ఒళ్ళు ఎడమకి, తొక్కుడు కుడి కాలితో. అప్పుడు లోపలి చక్రం తేలికై జారుతుంది. ఈ అలవాటు కుదరడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

బోల్తా సంగతి కూడా ఇక్కడే ఉంది. ముక్కాలి పీట మీద కూర్చుని కాలు లేని వైపుకి ఒరిగితే పడిపోతాం కదా, ఇదీ అంతే. ముందు టైరు నేలని తాకే చోటు నుంచి కుడి వెనక టైరు తాకే చోటుకి ఒక గీత ఊహించుకో. మలుపులో బరువు ఆ గీత దాటితే బండి తిరగబడుతుంది. గీతని దూరం జరపాలంటే వెనక వెడల్పు పెంచాలి. బరువు గీత దాకా రాకుండా ఉండాలంటే బండి ఎత్తు తగ్గించాలి. అందుకే అటు రెండు, ఇటు రెండు అంగుళాలు ఎక్కువున్న ఇరుసు కొను. ముందు ఫోర్కుల లోపల స్పేసర్లు వేసి కిందికి దించు. వెనక సింగిల్ షాక్‌ని కూడా ఆ లెక్కకి తగ్గించు. ఫెయిర్‌గ్రౌండ్ ట్రాక్ మీద గంతులు ఉండవు, అంత సస్పెన్షన్ నీకు అక్కర్లేదు. హోండా 1970లో యూఎస్90 అని మొదటి బండి దించినప్పుడు దానికి సస్పెన్షనే లేదు, ఉబ్బెత్తు టైర్లే స్ప్రింగుల పని చేసేవి. చలికాలంలో బైకులు అమ్ముడుపోక ఇక్కడి డీలర్లు ఏదైనా కొత్తది కావాలంటే పుట్టిన బండి అది. అది చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

నీ వెనక చక్రం టక్ టక్ అంటోందంటే బేరింగులు పోయి ఉంటాయి, లేదా ఇరుసు మీద ఉండే పెద్ద జంట నట్లు వదులై ఉంటాయి. ఏటీసీలకి ఇది పాత జబ్బు. లాక్‌టైట్ (నట్లు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) వేసి, మొదటి నట్టుని గట్టిగా పట్టి ఉంచి రెండోది దాని మీదకి బిగించాలి. ప్రతి రేసు తరవాతా చెయ్యి పెట్టి చూసుకో.

అసలు భయపడాల్సింది ఆ కొత్త ఎర్ర రంగుకి. నేను కొన్న బండికీ నున్నగా రంగు వేసి ఇచ్చారు. హ్యాండిల్ మెడ కింద గీకి చూస్తే రంగు కింద పుట్టీ, పుట్టీ కింద వేలెడు పగులు. నాన్నగారు చేసే పద్ధతి చెప్తాను, రూపాయి ఖర్చు లేదు. అనుమానం ఉన్న చోట రంగు ఉక్కు దాకా గీకెయ్యి. గుడ్డతో కిరోసిన్ బాగా పట్టించి పావుగంట వదిలెయ్యి. తరవాత పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దముక్కతో తెల్లగా రుద్దు. పగులు ఉంటే లోపల దాక్కున్న కిరోసిన్ మెల్లగా పైకి వచ్చి సుద్ద మీద వెంట్రుకంత సన్నగా తడి గీత కనిపిస్తుంది. మెడ దగ్గర, వెనక ఇరుసుని మోసే స్వింగ్ ఆర్మ్ ఫ్రేముకి తగిలే పివట్ దగ్గర, ఫుట్‌పెగ్గులు అతికిన చోట, షాక్ పై బ్రాకెట్ దగ్గర ఇలా చూడు. గీత కనిపిస్తే దాని మీదే వెల్డింగు చేయించకు. రెండు కొసల్లో చిన్న బెజ్జాలు వేసి, పగులు మొత్తం తవ్వి, అప్పుడు వెల్డింగు చేసి పైన పట్టీ వేయించాలి. కిరోసిన్ పని గరాజ్ తలుపు తీసి చెయ్యి, పక్కన హీటర్ వద్దు. వెల్డింగు ముందు ఆ చోట కిరోసిన్ వాసన కూడా లేకుండా కడిగించు.

ఇంజిన్‌కి ప్రస్తుతానికి రింగులు, వాల్వ్ సీళ్ళు మార్చి, టాపెట్లు సెట్ చేసి, టైమింగ్ చైన్ చూసుకుంటే చాలు. నీలం పొగ దాంతో పోవచ్చు. బోరు అరిగి ఉంటే మాత్రం బోరింగ్ తప్పదు.

పద్మ_పిట్స్‌బర్గ్:

శ్రీను గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. మా వారు పాత బైకులతో ఫ్లాట్ ట్రాక్ చేస్తారు, కాబట్టి మీ ఇంట్లోవాళ్ళ టెన్షన్ నాకు బాగా తెలుసు. ఒక్క మాట మరీ మరీ చెప్తున్నాను. బైకు రేసర్లు ఎడమ బూటుకి ఇనప రేకు తొడుక్కుని మలుపులో కాలు నేల మీద ఆనిస్తారు. అది చూసి మీరు ఈ బండి మీద అలా చేయకండి. మూడు చక్రాల బండి మీద కాలు కింద పెడితే, ఆ వేగానికి వెనక టైరు మీ మడమ మీదకి ఎక్కి కాలిని కిందకి లాగేస్తుంది. మోకాలు, చీలమండ రెండూ పోతాయి. ఫుట్‌పెగ్‌కీ వెనక టైరుకీ మధ్య ఖాళీ లేకుండా నెర్ఫ్ బార్లు (పక్కన బిగించే గొట్టాల చట్రాలు) వేయించుకోండి, వాటికి అడ్డంగా పట్టీలు అల్లించండి.

ఇంకొకటి, మణికట్టుకి తాడు కట్టుకునే కిల్ స్విచ్. మీరు పడగానే ఇంజిన్ ఆగాలి. మీ బండి మీ మీదకి రావడం ఒక ప్రమాదం, మీరు లేకుండా మిగతా వాళ్ళ మధ్యలోకి పోవడం ఇంకో ప్రమాదం. నిండు హెల్మెట్, ఛాతీ కవచం, మెడ పట్టీ మామూలే.

ఈ బళ్ళ చరిత్ర ఇంట్లో దాచకండి. పిల్లలు చాలామంది దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. ఆ గొడవ కోర్టుకెక్కే 1988లో కంపెనీలు కొత్త మూడు చక్రాల బళ్ళ అమ్మకం ఆపేశాయి. అది చెప్పి, మీరు ఏమేం జాగ్రత్తలు తీసుకున్నారో బండి దగ్గరికి తీసుకెళ్ళి చూపించండి. నాకు మా వారు అలా చూపించాకే నిద్ర పట్టింది.

శ్రీను_డేటన్:

అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. శనివారం రంగు గీకాను. మెడ దగ్గర ఏమీ లేదు. కుడి ఫుట్‌పెగ్ బ్రాకెట్ పైన సుద్ద మీద గీత వచ్చింది, ముప్పావు అంగుళం ఉంటుంది. అది చూడగానే ఒళ్ళు చల్లబడింది. మలుపులో బరువంతా వేయాల్సింది ఆ పెగ్ మీదే కదా. వెల్డింగుకి ఇచ్చేశాను. పద్మ గారూ, కిల్ స్విచ్, నెర్ఫ్ బార్లు రెండూ ఆర్డర్ పెట్టాను. మా ఆవిడని గరాజ్‌లోకి పిలిచి సుద్ద గీత కూడా చూపించాను. తను చాలాసేపు చూసి, ఇంకోసారి రుద్దు, ఇంకెక్కడైనా ఉందేమో అంది. ఇద్దరం కలిసి ఫ్రేమంతా మళ్ళీ చూశాం.

టైర్ల గురించి అడగాలి. రేసులో వాళ్ళంతా ఎడమకి చిన్న టైరు, కుడికి పెద్ద టైరు వేసుకున్నారు. ఎంత తేడా ఉండాలి?

ఆటోనగర్_అబ్బాయి:

తమ్ముడూ, ఆ గీత దొరికినందుకు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పు, రెండోసారి చూడమనడం మంచి మెకానిక్ లక్షణం.

టైర్ల తేడాని ఇక్కడ స్టాగర్ అంటారు. కాగితం గ్లాసుని పడుకోబెట్టి తోస్తే గుండ్రంగా తిరుగుతుంది చూడు, పెద్ద మూతి బయట, చిన్న అడుగు లోపల. కలిసి తిరిగే ఇరుసుకి చేసేదీ అదే. లెక్క సులువు. వెనక టైర్ల మధ్య నుంచి మధ్యకి దూరం కొలువు. దాన్ని ఎడమ టైరు చుట్టుకొలతతో గుణించి, రెండు చుట్టుకొలతల తేడాతో భాగించు. నా బండికి మధ్య దూరం 36 అంగుళాలు, ఎడమ టైరు 56.5, కుడిది 58. తేడా ఒకటిన్నర అంగుళం. లెక్క వేస్తే 1356 అంగుళాలు, అంటే 113 అడుగులు. హ్యాండిల్ వదిలేసి తోస్తే లోపలి చక్రం దాదాపు అంత వ్యాసార్ధంలో తిరుగుతుందన్నమాట. తేడాని ముప్పావుకి తగ్గిస్తే అది 226 అడుగులవుతుంది. నేను వెళ్ళే క్వార్టర్ మైల్ ట్రాక్‌కి ఒకటిన్నర బాగుంది. మరీ ఎక్కువ పెడితే స్ట్రెయిట్‌లో కూడా బండి ఎడమకి లాగుతూ చేతులు నొప్పెడతాయి. ఒక అంగుళంతో మొదలుపెట్టు.

టైరు పక్కన రాసి ఉన్న సైజుని నమ్మకు. ఒకే సైజు టైర్లు రెండు కొలిస్తే పావు అంగుళం తేడా రావచ్చు. గాలి పట్టి, రాత్రంతా వదిలేసి, కొత్త టైరు సాగడం అయ్యాక పొద్దున్నే నడుమ చుట్టూ టేపు పెట్టి కొలువు. ఒక పీఎస్ఐ గాలి తేడాకి కూడా చుట్టుకొలత మారుతుంది. ట్రాక్ దగ్గర చిన్న సర్దుబాట్లకి ఆ గాలే నీ పనిముట్టు. అందుకే పది పీఎస్ఐ లోపు సరిగ్గా చూపించే గేజి కొను. కారు గేజి దీనికి పనికిరాదు.

లైమా లాంటి గులక ట్రాక్‌కీ, గట్టిగా నల్లగా బిగిసిన మట్టి ట్రాక్‌కీ టైరు గాట్లు వేరు. గట్టి మట్టికి నేను వేడి బ్లేడుతో రబ్బరు దిమ్మెల మీద అడ్డంగా సన్నటి గాట్లు కోస్తాను, టైరు తొందరగా వేడెక్కి పట్టు దొరుకుతుంది. బ్లేడు ఎర్రబడేంత వేడి వద్దు, రబ్బరు కాలి అంచులు బిరుసెక్కుతాయి. వెన్నలో కత్తి దిగినట్టు దిగాలి. మొదట పాత టైరు మీద చెయ్యి అలవాటు చేసుకో.

వెల్డింగు అయి ఫ్రేము ఇంటికి రాగానే అతుకు మీద మళ్ళీ సుద్ద రుద్ది ఫోటో పెట్టు. నేను చూశాకే రంగు వెయ్యి.