అప్‌డేట్: శాస్త్రి (సంస్కృత డిగ్రీ) మొదటి ఏడాది పిల్లలు, లఘుకౌముది (పాణిని వ్యాకరణానికి తొలి పాఠ్యగ్రంథం)

ఇంటర్ మామూలు కాలేజీలో చదివి వేద విశ్వవిద్యాలయంలో చేరినవాళ్లు సంస్కృత వ్యాకరణంలో వెనకబడుతున్నారని, ఏం చేయాలని అడిగాను కదా. సూత్రాలు నోటికి రాకపోవడం అసలు ఇబ్బంది కాదు, ప్రత్యాహారాలు (అక్షరాల గుంపులకు పొట్టి పేర్లు) విప్పలేకపోతున్నారు. జవాబుల్లో మీరన్నట్టు ముందు 14 మాహేశ్వర సూత్రాలే (ప్రత్యాహారాలు పుట్టే అక్షరాల వరుస) నేర్పాలి. ఇక్ (ఇ, ఉ, ఋ, ఌ), యణ్ (య, వ, ర, ల), అచ్ (అచ్చులన్నీ) అనగానే తడుముకోకుండా అక్షరాలు చెప్పాలి.

ఆ తర్వాతే ‘ఇకో యణచి’ (పాణిని అష్టాధ్యాయి 6.1.77). కౌముదిలోని ‘సుద్ధ్యుపాస్యః’తో మొదలుపెట్టొద్దు. ధకారానికి ద్విత్వం (రెండుసార్లు రావడం), జశ్త్వం (మొదటి ధ్ ద్ కావడం) కూడా మీదపడి బెదిరిపోతారు. అతి + అంతం తీసుకోండి. ‘అత్యంతం’ బడిలో తెలుగు యణాదేశ సంధిగా వచ్చిందే. ‘ఇకః’ షష్ఠి, ‘యణ్’ ప్రథమ, ‘అచి’ సప్తమి. అంటే దేని స్థానంలో, ఏది వస్తుంది, ఏది పరమైతే (తర్వాత వస్తే). ఈ మూడు విభక్తులు పట్టుబడితే చాలా ఆదేశసూత్రాలు (ఒకదాని స్థానంలో ఇంకోటి తెచ్చేవి) వాళ్లే విప్పుకుంటారు.

ఇక్కడే ఒక తప్పు తప్పకుండా వస్తుంది: ఇతి + ఇవకి కూడా యణ్ వేసేస్తారు. తర్వాతి అచ్చు సవర్ణమైతే (ఇ, ఈ లాంటి ఒకే జాతిది అయితే) ‘అకః సవర్ణే దీర్ఘః’ (6.1.101) అడ్డుపడి ‘ఇతీవ’ అవుతుంది. రెండు సూత్రాలూ ఒకే రోజు, పక్కపక్కన బోర్డు మీద రాయాలి.

రాత్రిపూట రికార్డింగులు వినిపించమని జవాబుల్లో వచ్చిన సలహా మాత్రం వద్దు. వింటూనే నిద్రపోతారు.