డిగ్రీ తరువాత క్రిమినాలజీయా, సైకాలజీయా?

ప్రశ్న (వరంగల్ విద్యార్థిని):
నేను బీఏ సైకాలజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మనిషి నేరానికి ఎందుకు పాల్పడతాడో శాస్త్రీయంగా చదవాలని ఉంది. ఎమ్మేలో క్రిమినాలజీ తీసుకోవాలా, సైకాలజీలోనే ఉండి నేర మనస్తత్వశాస్త్రం వైపు మళ్లాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. పోలీసు ఉద్యోగం కావాలంటే పరీక్ష రాస్తే సరిపోతుంది కదా అని మా నాన్నగారు అంటున్నారు.

జవాబు (క్రిమినాలజీ పూర్వ విద్యార్థి):
నాన్నగారి మాట నిజమేనమ్మా, ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. క్రిమినాలజీలో మనస్తత్వం ఒక భాగం మాత్రమే. నేరస్థుడు పుట్టుకతోనే అలా ఉంటాడన్న లాంబ్రోసో వాదంతో మొదలై, నేరప్రవృత్తి సహవాసం వల్ల అబ్బుతుందన్న సదర్లాండ్ సిద్ధాంతం మీదుగా, జైళ్లు, పోలీసు వ్యవస్థ, బాధితుల హక్కుల దాకా ఆ చదువు సాగుతుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో దీనికి ప్రత్యేక శాఖ ఉంది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయంలో క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైకాలజీ (నేర విచారణకు, కోర్టులకు పనికొచ్చే మనస్తత్వశాస్త్రం) వేర్వేరు కోర్సులు. యూజీసీ నెట్‌లోనూ క్రిమినాలజీ ఒక సబ్జెక్టు కనుక అధ్యాపక వృత్తికి దారి ఉంది.

జవాబు (సైకాలజిస్టు):
మనుషులతో ముఖాముఖి పనిచేయాలనుకుంటే సైకాలజీ వదలవద్దని నా సలహా. నేరస్థలాన్ని చూసి హంతకుడి స్వభావం చెప్పేయడం సినిమాల్లో ఎక్కువ, ఇక్కడి ఉద్యోగాల్లో తక్కువ. అసలు పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, 16 ఏళ్లు నిండిన బాలుడిపై ఘోర నేరారోపణ వస్తే, అతన్ని పెద్దవాడిలా విచారించాలా అన్నది నిర్ణయించేందుకు, ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం అతనికి ఉందా, పర్యవసానం గ్రహించగలడా, అది ఏ పరిస్థితుల్లో జరిగిందన్నారు అన్నవి బాలల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు పరిశీలించాలి. అందుకు సైకాలజిస్టుల సాయం తీసుకుంటుంది. అతను నేరం చేశాడా లేదా అన్నది అక్కడ తేల్చరు. నెలల క్రితం నాటి మానసిక స్థితిని ఇవాళ ఎదురుగా కూర్చున్న, బెదిరిపోయి ముక్తసరిగా మాట్లాడే కుర్రవాడిలో అంచనా కట్టాలి. ఐక్యూ పరీక్ష ఒక్కటే అందుకు చాలదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఎమ్మేతో సరిపోదు, భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ, అక్కడ నమోదు తప్పనిసరి.

జవాబు (న్యాయవాది):
ఏ కోర్సులో చేరినా 2010 నాటి సెల్వి కేసు తీర్పు చదవండి. నిందితుడి సమ్మతి లేకుండా నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలిగ్రాఫ్ (అబద్ధాన్ని పట్టే యంత్రం), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు స్పందనలు నమోదు చేయడం) పరీక్షలు చేయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మతితో చేసినా ఆ ఫలితమే సాక్ష్యం కాదు. దాని ఆధారంగా తరువాత దొరికిన వస్తువును మాత్రం చట్టప్రకారం పరిగణించవచ్చు.