ఆవాస్ యోజన వోచరుతో 33 లక్షల ఫ్లాటు కొనవచ్చా?

ప్రశ్న – మూసాపేట అద్దెదారు

అందరికీ నమస్కారం. మేము పదకొండేళ్లుగా హైదరాబాద్ మూసాపేటలో అద్దెకు ఉంటున్నాము. నేను మందుల టోకు దుకాణంలో లెక్కలు రాస్తాను, నా భార్య ఇంటి దగ్గరే బ్లౌజులు కుడుతుంది. ఇద్దరికీ కలిపి నెలకు 52,000 రూపాయలు వస్తాయి. బీరంగూడలో ఎనిమిదేళ్ల నాటి రెండు పడకగదుల ఫ్లాటు చూశాము. యజమాని 33 లక్షలు చెబుతున్నారు, మా చేతిలో 9 లక్షలు ఉన్నాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇప్పుడు ఇల్లు కొనేవారికి వోచరు ఇస్తున్నారని, దానిని చూపితే ఆ మేరకు మనం కట్టవలసిన సొమ్ము తగ్గుతుందని మధ్యవర్తి అంటున్నాడు. అది మాకు వర్తిస్తుందా? వరంగల్‌లో మా నాన్నగారి పేరున డాబా ఇల్లు ఉంది. దానివల్ల ఏమైనా అడ్డంకి వస్తుందా?

జవాబు – గృహరుణాల విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని

మీ మధ్యవర్తి రెండు వేర్వేరు సాయాలను కలిపి ఒకటిగా చెప్పాడు. 2024 సెప్టెంబరు 1న మొదలైన పట్టణ ఆవాస్ యోజన 2.0లో వోచరు ఉన్న మాట నిజమే. అయితే అది ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలు, ప్రభుత్వం ఆమోదించిన జాబితాలోని ప్రైవేటు ప్రాజెక్టులలో చిన్న ఇల్లు కొనుక్కోవడానికి ఉద్దేశించినది. మీ ఆదాయం ఏడాదికి 6,24,000. పైగా మీరు కొనేది చేతులు మారుతున్న పాత ఫ్లాటు. కనుక వోచరు సంగతి మరచిపోండి.

మీకు వర్తించేది వడ్డీ రాయితీ. దీనికి 9 లక్షల వరకు ఆదాయం ఉన్నవారు అర్హులు, పాత ఫ్లాటు కొన్నా ఫరవాలేదు. ఇంటి విలువ 35 లక్షలు, తీసుకునే రుణం 25 లక్షలు, కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే నేల వైశాల్యం, 120 చదరపు మీటర్లు దాటకూడదు. రుణంలో మొదటి 8 లక్షల మీద, పన్నెండేళ్ల కాలానికి, 4 శాతం వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. 8 లక్షల మీద ఏడాదికి 32,000 చొప్పున పన్నెండేళ్లు వస్తుందని చాలామంది లెక్క వేసుకుంటారు కానీ, అసలు తగ్గే కొద్దీ వడ్డీ కూడా తగ్గుతుంది గనుక లెక్క అలా సాగదు. గరిష్ఠంగా వచ్చేది 1,80,000 రూపాయలు. అదీ ఒక్కసారిగా కాదు, ఐదు వార్షిక వాయిదాలలో, అంటే ఏడాదికి 36,000 మించకుండా. ప్రతి వాయిదా విడుదలయ్యే నాటికి రుణం నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ మిగిలి ఉండాలి. మధ్యలో ఊరి పొలం అమ్మిన డబ్బు వచ్చిందని అప్పు తీర్చేస్తే మిగతా వాయిదాలు రావు.

ఇక మీ లెక్క చూద్దాం. 33 లక్షలలో 25 లక్షలు రుణం పోగా 8 లక్షలు మీరు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం చొప్పున 2,47,500 అవుతుంది. మొత్తం 10,47,500. మీ దగ్గరున్న 9 లక్షలు పోను దాదాపు లక్షన్నర లోటు. రాయితీ మొత్తం ఈ లోటుకు అతికినట్టు సరిపోతుందని అనిపిస్తుంది, కానీ అది ఇల్లు కొన్న తరువాత రుణఖాతాలో పడే డబ్బు; బయానాకు గానీ రిజిస్ట్రేషన్‌కు గానీ అక్కరకు రాదు. బ్యాంకు ఇంకాస్త ఎక్కువ ఇస్తానన్నా, రుణం 25 లక్షలు దాటిన మరుక్షణం రాయితీ చేజారుతుంది. కనుక నేనైతే యజమానితో ధర దగ్గరే గట్టిగా బేరమాడతాను. 25 లక్షల రుణానికి, ఇరవై ఏళ్ల గడువుకు, 8.5 శాతం వడ్డీ అయితే నెలకు దాదాపు 21,700 కట్టాలి. రాయితీ రాకపోయినా ఆ భారం మోయగలమనుకుంటేనే ముందుకు వెళ్లండి.

జవాబు – నిజాంపేట గృహిణి

నాన్నగారి ఇల్లు అడ్డు కాదండీ. ఈ పథకంలో కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. మీలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోతే చాలు. గత ఇరవై ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు. ఫ్లాటు మాత్రం మీ భార్య పేరున గానీ, ఇద్దరి పేరున గానీ రాయించండి.

మేము 2019లో పాత పథకం కింద, అంటే 2,67,000 దాకా వచ్చే రోజులలో, దరఖాస్తు పెట్టాము. నా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, దస్తావేజులో ఒక్క అక్షరంతో సరిపెట్టారు. బ్యాంకువారు ఆ అక్షరం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి దరఖాస్తు తిప్పి పంపారు, అదీ నాలుగు నెలల తరువాత. అది సరిచేయించుకుని డబ్బు చూసేసరికి ఏడాది దగ్గర పడింది. కాబట్టి సేల్ అగ్రిమెంటు రాయించేటప్పుడే పేర్లు ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. యజమానితో మాట్లాడాను. ధర తగ్గించడం లేదు గానీ, 30 లక్షలకే రిజిస్ట్రేషన్ చేయించి మిగతా 3 లక్షలు నగదుగా ఇమ్మంటున్నారు. దానివల్ల ఫీజు 22,500 మిగులుతుందట.

జవాబు – గృహరుణాల విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని

ఒప్పుకోకండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 లేదా అంతకు మించి నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. మీ వరకు చూసినా, ఆ 3 లక్షలు ఏ కాగితం మీదా ఉండవు, రేపు మీరు అమ్మినప్పుడు మీ కొనుగోలు ధర 30 లక్షలుగానే లెక్కకు వస్తుంది.

మరొక మాట అడగడం మరిచాను. ఆ ఫ్లాటు ఏ అంతస్తులో ఉంది? మన శివారు కాలనీలలో మూడు అంతస్తులకు అనుమతి తెచ్చుకుని నాలుగోది వేసిన భవనాలకు కొదవ లేదు. అనుమతి లేని అంతస్తైతే బ్యాంకు రుణమే ఇవ్వదు. రుణం లేనిదే రాయితీ ఊసే ఉండదు.

ప్రశ్న అడిగినవారు

నాలుగో అంతస్తేనండీ. మంజూరైన ప్లాను నకలు చూపించమని ఇప్పుడే యజమానికి ఫోన్ చేశాను. శనివారం వెతికి ఇస్తానన్నారు. అది చూసేదాకా బయానా ఇవ్వను.