నెలాఖరు ఫీస్ట్‌లో కూల్ డ్రింక్ ఉండాలా, వద్దా? మెస్ మీటింగ్‌కు ముందు సలహా కావాలి

మెస్ సెక్రటరీ, హన్మకొండ:

అందరికీ నమస్తే. హన్మకొండలో ఒక పీజీ హాస్టల్‌కు ఈ ఏడాది నేనే మెస్ సెక్రటరీని. ఎవరూ ముందుకు రాకపోతే నన్ను కూర్చోబెట్టారు, అది వేరే కథ. మాది డివైడింగ్ సిస్టమ్. నెలంతా అయిన ఖర్చును తిన్నవాళ్లందరికీ పంచి బిల్లు వేస్తాం. చివరి ఆదివారం ఫీస్ట్ ఉంటుంది. బగారా అన్నం, చికెన్, పెరుగు చట్నీ, డబుల్ కా మీఠా, ఆఖర్న ఒక గ్లాసు థమ్సప్ గానీ స్ప్రైట్ గానీ.

ఈసారి పంచాయితీ ఆ గ్లాసు దగ్గర వచ్చింది. కొందరు ఒక కాగితం రాసి, రెండు వైపులా సంతకాలు పెట్టి నా రూము తలుపు కింద నుంచి తోశారు. థమ్సప్, స్ప్రైట్, మాజా మూడూ కోకా-కోలావే. ఇజ్రాయెల్‌లో ఆ కంపెనీ ఫ్రాంచైజీకి అతరోత్ పారిశ్రామికవాడలో గోడౌన్ ఉందట. జెరూసలేం దగ్గరున్న ఆ అతరోత్ 1967లో ఇజ్రాయెల్ ఆక్రమించుకున్న నేల మీద ఉంది కాబట్టి, గాజాలో ఇంత జరిగాక మన మెస్ డబ్బు ఆ కంపెనీకి పోవద్దని వాళ్ల మాట.

మరుసటి రోజే ఇంకో గుంపు వచ్చింది. గాజాకూ బగారా అన్నానికీ ఏం సంబంధం, మా బిల్లు మేం కడుతున్నాం, మా గ్లాసు మాకు పోయండి అని. పెప్సీ తెస్తే గొడవే ఉండదు కదా అని మధ్యలో ఒకడు. ఇంట్లో సోడా చేసుకునే మెషీన్లు అమ్మే సోడాస్ట్రీమ్ అనే ఇజ్రాయెల్ కంపెనీని 2018లో 320 కోట్ల డాలర్లకు కొన్నది పెప్సీయే కదా అని ఇంకొకడు. వాడిది ఎకనామిక్స్, ఊరుకోడు.

దీని మీద వాట్సాప్‌లో ఒక లిస్టు తిరుగుతోంది, సబ్బుల నుంచి టీ పొడి దాకా అన్నీ ఉన్నాయి అందులో. మ్యాగీ పేరు కనపడగానే సంతకం పెట్టినవాళ్లే కొందరు చప్పుడు చేయడం లేదు. రాత్రి పన్నెండు దాటాక మా కారిడార్లో ఏం ఉడుకుతుందో హాస్టల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మ్యాగీ చేసే నెస్లేకు ఇజ్రాయెల్‌లో ఒసెం అనే తిండి కంపెనీ ఉంది, 2016 నుంచి పూర్తిగా దానిదే. కాబట్టి మ్యాగీ పేరు లిస్టులోకి ఊరికే రాలేదు.

నాకు అసలు బాధ క్యాంటీన్ దగ్గర. ఎవరో రాత్రికి రాత్రి క్యాంటీన్ అన్న ఫ్రిడ్జ్ అద్దం మీద ఎర్ర స్టిక్కర్లు అంటించారు. తెల్లారి ఆయన బ్లేడుతో గీకుతుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను. జిగురు పోక అద్దమంతా మసక మసకగా అయింది. 'ఫ్రిడ్జ్ కంపెనీది తమ్మీ, గీత పడితే నా డిపాజిట్లో పట్టుకుంటరు' అన్నాడు. ఆయనకు గాజా ఎక్కడుందో తెలుసు, రోజూ టీవీ చూస్తాడు. నన్నెందుకు అంటున్నరు అన్నదే ఆయన ప్రశ్న.

ఇలాంటిది ఏ కాలేజీలోనైనా చేశారా? చేస్తే ఏమైంది? అందరి డబ్బుతో నడిచే మెస్‌లో ఇది ఎలా తేల్చాలి? శుక్రవారం మీటింగ్. తిట్టేవాళ్లు గ్రూపులో తిట్టుకోండి, ఇక్కడ పనికొచ్చేది చెప్పండి.

కాజీపేట టు షికాగో:

నేను షికాగోలో ఎంఎస్ చేశాను. అమెరికా కాలేజీల్లో ఈ పంచాయితీ పాతదే, అక్కడ గొడవంతా హమ్మస్ మీద. ఉడికిన కాబూలీ శనగలను నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి వేసి మెత్తగా రుబ్బుతారు, అంతే. సబ్రా అనే బ్రాండు ఉండేది, అందులో అప్పట్లో సగం వాటా పెప్సీది, సగం స్ట్రాస్ అనే ఇజ్రాయెల్ కంపెనీది. స్ట్రాస్ వాళ్లు ఇజ్రాయెల్ సైన్యంలోని గోలానీ బ్రిగేడ్‌కు సాయం చేస్తున్నారని విద్యార్థులు అడ్డం తిరిగారు.

2010లో ప్రిన్స్‌టన్‌లో ఓటింగ్ పెట్టారు. సబ్రాను తీసేయమని కూడా అడగలేదు, పక్కన ఇంకో బ్రాండు పెట్టండి అన్నారు. అదీ ఓడిపోయింది. అదే ఏడాది మా ఊళ్లో డిపాల్ యూనివర్సిటీ సబ్రా అమ్మకం ఆపి, కొద్ది రోజులకే మళ్లీ పెట్టేసింది. తర్వాతి ఏడాది విద్యార్థులు ఓటేస్తే తీసేయాలన్నవాళ్లే బాగా ఎక్కువ, కానీ రూలు ప్రకారం పోలవ్వాల్సినన్ని ఓట్లు పోలవ్వలేదు. చెల్లలేదు.

మీకు పనికొచ్చేది హార్వర్డ్ సంగతి. సోడాస్ట్రీమ్ ఫ్యాక్టరీ అప్పట్లో ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని మిషోర్ అదుమీమ్‌లో ఉండేది. 2014లో కొందరు విద్యార్థులు డైనింగ్ అధికారులతో కూర్చుని మాట్లాడితే, మెషీన్ల మీద లేబుళ్లు తీసేస్తాం, ఇకమీద వేరే కంపెనీవి కొంటాం అని వాళ్లు ఒప్పుకున్నారు. మిగతా క్యాంపస్‌కు తెలియదు. డిసెంబర్లో బయటపడేసరికి రచ్చ రచ్చ. యూనివర్సిటీ పెద్దలు, వివాదాల్లో కొందరి అభిప్రాయం పట్టుకుని కొనుగోళ్లు నడపడం కుదరదని విచారణకు ఆదేశించారు. విద్యార్థుల వాదన తప్పో ఒప్పో ఎవరూ చర్చించనే లేదు, చాటుగా చేశారన్నదే మాటయింది. కాబట్టి తమ్ముడూ, నీ రూములో నలుగురు కూర్చుని తేల్చేస్తే మాత్రం నీ పని అయిపోయినట్టే.

ఇంకోటి. సోడాస్ట్రీమ్ 2015లో ఆ ఫ్యాక్టరీ మూసి ఇజ్రాయెల్ లోపలే ఉన్న నెగెవ్ ప్రాంతానికి మారింది. బాయ్‌కాట్ చేసినవాళ్లు గెలుపన్నారు. అందులో పనిచేసే సుమారు 500 మంది పాలస్తీనా వాళ్ల ఉద్యోగాలు పోయాయని కంపెనీ చెప్పుకుంది. సెటిల్‌మెంట్లో, అంటే ఆక్రమించిన నేల మీద కట్టిన ఇజ్రాయెల్ కాలనీలో, ఉద్యోగం పెట్టి, ఆ నేల ఎవరిదో మరిచిపొమ్మంటే ఎలా అన్నది అవతలివాళ్ల జవాబు. నాకు రెండో మాటే సబబు అనిపిస్తుంది. కానీ ఆ 500 మందిలో ఒకడు ఎదురుగా నిలబడితే ఇదే మాట అనగలనా అంటే, కష్టమే.

ఏజెన్సీవాడు:

మాది పరకాల దగ్గర కూల్ డ్రింక్ ఏజెన్సీ. లెక్కలు నేను చెప్తా. మీ ఫీస్ట్‌కు పోయే పెద్ద సీసాలు ఎన్ని కేసులు? మా బండికి ఒక మూల కూడా నిండదు. కోకా-కోలా హెడ్డాఫీసున్న అట్లాంటా దాకా ఎవరికీ తెలిసేది కాదు. సీసాలో నీళ్లు, చక్కెర, గ్యాసు, మనుషులు అంతా ఇక్కడిదే. సిద్దిపేట జిల్లా బండ తిమ్మాపూర్‌లో 2024 డిసెంబర్లో ప్లాంటు మొదలుపెట్టారు కదా. అమెరికా కంపెనీకి పోయేది ముఖ్యంగా కాన్‌సన్‌ట్రేట్ సొమ్ము, అంటే డ్రింక్‌కు రుచినిచ్చే చిక్కటి సరుకు పైసలు. అసలు పాలస్తీనాలోనే రామల్లాలో కోకా-కోలా బాట్లర్ ఉన్నడు, 2016లో గాజాలో కూడా ప్లాంటు తెరిచిండు. ఇవి కూడా మీటింగ్‌లో చెప్పు.

ఫ్రిడ్జ్ సంగతి వేరు. కంపెనీ ఇచ్చిన ఫ్రిడ్జ్‌లో కంపెనీ సరుకే పెట్టాలె, సేల్స్ పిల్లగాడు వచ్చి ఫొటో తీసుకుని పోతడు. వేరేవాళ్ల సీసాలు కనబడితే, అమ్మకం పడిపోతే ఫ్రిడ్జ్ ఎత్తుకపోతరు. ఎండాకాలంలో ఆ ఫ్రిడ్జ్ లేకపోతే పెరుగు, పాలు కూడా పాడైతయి. దెబ్బ తగిలేది మీ అన్నకే, వాళ్లకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మెస్‌లో ఏమన్నా చేసుకోండి, క్యాంటీన్ జోలికి పోకండి.

హాస్టల్లో ఆకలి:

ముందు ఫీస్ట్‌లో చికెన్ ముక్కలు పెంచండి. నాకు పోయినసారి అంతా మెడలే వచ్చాయి.

జగిత్యాల అమ్మాయి:

నేను అదే హాస్టల్ కాదు కానీ మా దగ్గరా ఇదే గొడవ. మా మేనమామ ఇజ్రాయెల్లో కేర్‌గివర్. ఒక ముసలాయనకు స్నానం చేయించడం, మందులు వేయడం, వీల్‌చైర్లో తిప్పడం ఆయన పని. నా మెస్ బిల్లు ఆయన పంపిన డబ్బులోంచే కడతాం. నిజామాబాద్, జగిత్యాల వైపు చాలా ఇళ్లలో ఇది మామూలే. సైరన్ మోగితే మామయ్య ముసలాయన్ని పట్టుకుని షెల్టర్‌లోకి పోతాడు, ఇక్కడ అమ్మమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడి తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. ఆ పనుల్లోకి మన దేశం నుంచి పంపారు. 2024లో మన తెలంగాణలోనే సెంట్రింగ్, ప్లాస్టరింగ్, టైల్స్, ఐరన్ పని వచ్చినవాళ్లను ఎంపిక చేశారు. వాళ్ల ఖాళీలోకి మనవాళ్లు పోయారని తెలిసి కూడా మా వాడలో ఎవరినీ పోవద్దు అనలేను. అప్పులున్నాయి, పోతారు.

అయినా నేను సంతకం పెట్టాను. మామయ్యకు ఫోన్లో చెప్పాను కూడా. 'తాగకపోతే పళ్లకు మంచిది' అని నవ్వి, ముసలాయన పిలుస్తున్నాడని పెట్టేశాడు. నేను తాగడం మానేశాను. కానీ పక్కమ్మాయి గ్లాసు లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు. మా మెస్‌లో గుడ్లు, ఆమ్లెట్లు ఎక్స్‌ట్రాస్‌లో రాసుకుంటారు, ఎవరు తిన్నది వాళ్ల బిల్లులో పడుతుంది. డ్రింక్‌ను అందులోకి మార్చండి. వద్దన్నవాళ్ల డబ్బు దానికి పోదు, కావాలన్నవాళ్లు కొనుక్కుంటారు.

సంతకం నాదే:

ఆ కాగితం రాసినవాళ్లలో నేనొకణ్ని. స్టిక్కర్లు మావి కావు, అవి అంటించినవాడు దొరికితే అద్దం వాడితోనే తుడిపిస్తాం. కానీ అక్కా, ఎక్స్‌ట్రాస్‌లో వేస్తే అది బాయ్‌కాట్ ఎలా అవుతుంది? నాకు ఇష్టం లేకపోతే నేను తాగను, అది ఇప్పుడూ ఉన్నదే. ఒక హాస్టల్ మొత్తం కలిసి వద్దంటే దాని బరువు వేరు. కేసులు తక్కువే అంటున్నారు ఏజెన్సీ అన్న, నిజమే. సీసాల లెక్కతో ఎవరూ బాయ్‌కాట్ చేయరు, పేరు పాడవుతుందన్న భయమే దాని బలం. 2023లో ఇజ్రాయెల్ మెక్‌డొనాల్డ్స్ సైనికులకు ఉచితంగా తిండి పెట్టింది. మలేషియా, ఇండోనేషియాల్లో జనం షాపులకు పోవడం మానేశారు. 2024లో కంపెనీ ఆ ఫ్రాంచైజీ దగ్గర్నుంచి 225 షాపులనూ తనే తిరిగి కొనేసింది. ఎక్కడో మొదలవ్వాలి కదా.

కేయూ పాత విద్యార్థి:

'మనకేం సంబంధం' అన్నవాళ్లకు ఒక మాట. 1938 నవంబర్లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దన్నారు. సమ్మె చేసిన పిల్లలను బయటికి పంపితే చాలామంది నాగపూర్ పోయి చదువుకున్నారు. మన వంగర పీవీ నరసింహారావు నాగపూర్ దారి పట్టిందీ ఆ గొడవలోనే. సరిగ్గా అదే నెలలో గాంధీ 'హరిజన్'లో, ఇంగ్లండ్ ఇంగ్లిషువాళ్లది ఎలాగో పాలస్తీనా అరబ్బులది అలాగే అని రాశారు. యూదుల మీద తనకున్న సానుభూతినీ అదే వ్యాసంలో చెప్పారు. 1974లో పాలస్తీనా విమోచన సంస్థ పీఎల్‌ఓను, 1988లో పాలస్తీనా దేశాన్ని మనం గుర్తించాం. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు మొదలుపెట్టింది మళ్లీ మన పీవీయే. వరంగల్ జిల్లా వాడికి ఇందులో సంబంధం లేదంటే నేనొప్పుకోను.

సంతకాల పిల్లలకు కూడా ఒకటి చెప్పాలి. మీ కాగితంలో డిమాండ్ ఏదీ? 2005లో పాలస్తీనా సంఘాలు బాయ్‌కాట్ పిలుపు ఇచ్చినప్పుడు మూడు అడిగాయి. ఆక్రమణ పోవాలి, ఇజ్రాయెల్లోని అరబ్ పౌరులకు సమాన హక్కులు కావాలి, శరణార్థులు తిరిగి రావాలి. మీలో కొందరికి యుద్ధం ఆగితే చాలు, మూడోదానితో ఇజ్రాయెల్ రూపమే మారిపోతుందని ఒప్పుకోనివాళ్లూ ఉంటారు. ఏది అడుగుతున్నారో రాయండి. వాట్సాప్ లిస్టు మాత్రం చింపేయండి. అలాంటి లిస్టులన్నిటిలో స్టార్‌బక్స్ ఉంటుంది, 2003లోనే అది ఇజ్రాయెల్లో షాపులు మూసేసింది. ఆ ఉద్యమం నడిపేవాళ్ల సొంత జాబితాయే చాలా చిన్నది.

మెస్ సెక్రటరీ, హన్మకొండ:

అందరికీ థాంక్స్. పాత విద్యార్థి సార్ చెప్పినట్టు డిమాండ్ రాసి తెమ్మన్నాను, ఇద్దరు ఇప్పటికే కొట్టుకుంటున్నారు మూడో పాయింటు మీద.

మీటింగ్‌లో రెండు చీటీలు పెడతాను. డ్రింక్ కామన్ బిల్లులో ఉండాలా, ఎక్స్‌ట్రాస్‌లోకి పోవాలా అన్నది మొదటిది. అసలు హాస్టల్ తరఫున కొనడమే మానాలా అన్నది రెండోది, ఇది నెగ్గాలంటే మూడింట రెండొంతులు కావాలి. నోటీసు ఇవాళే బోర్డు మీద పెడుతున్నాను, చాటుగా చేశారన్న మాట నాకొద్దు. క్యాంటీన్ ఎజెండాలోనే లేదు. ఏది నెగ్గినా ఫీస్ట్‌లో మసాలా మజ్జిగ అందరికీ ఉంటుంది, కామన్ బిల్లులోనే. అల్లం, కొత్తిమీర, జీలకర్ర పొడి వేసి చేస్తానని వంట మాస్టర్ ఒప్పుకున్నాడు. సల్ల ఎన్ని లీటర్లు పడుతుందో మాత్రం ఇద్దరికీ తెలియట్లేదు. రెండు వందల మందికి చేసిన అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పండి.

ఏజెన్సీవాడు:

మనిషికి గ్లాసున్నర పట్టుకో. ఐస్ నా తరఫున, రసీదు అడగకు.