పాత ఫ్లాట్ బాగుచేసేటప్పుడు సింహద్వారానికి గడప ఉంచాలా, తీసేయాలా?

తూర్పువాకిలి:
పాత టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదే కొత్తవి వేసే ఇళ్లలో గడప దగ్గరే పేచీ వస్తోంది. లెక్క కోసం ఒక ఫ్లాట్ తీసుకుందాం. 5×3 అంగుళాల టేకు ద్వారబంధం, బయటి వెడల్పు మూడున్నర అడుగులు. గడప పాత నేలకి 38 మి.మీ. ఎత్తు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఇంట్లో వాకర్ పట్టుకు నడిచే పెద్దావిడ ఉన్నారు. మేస్త్రీ కోసేద్దామంటాడు, వడ్రంగి వద్దంటాడు. ఎవరిది సరైన మాట? కోస్తే ఎలా కోయాలి? కొలతలతో చెప్పండి.

మట్టంగొట్టం:
కోసేయాలి. కొత్త టైల్ 10, అడ్హెసివ్ 5, మొత్తం 15 మి.మీ. లోపలి నేల లేస్తుంది. 38 మి.మీ. గడప లోపలి వైపు నుంచి 23 అవుతుంది, కారిడార్ వైపు 38 అలాగే ఉంటుంది. నా దృష్టిలో 23 మి.మీ. అన్నిటికన్నా చెడ్డ ఎత్తు. పెద్ద మెట్టయితే కన్ను పట్టుకుంటుంది, కాలు ఎత్తుతాం. ఇంత చిన్నది కంటపడదు, బొటనవేలికి తగులుతుంది. గడప పూర్తిగా పోతే కారిడార్‌కీ ఇంటికీ మధ్య 15 మి.మీ. తేడా మాత్రమే ఉంటుంది. దాన్ని వాలు గ్రానైట్ ముక్కతో కలిపేయొచ్చు.

టేకుచెక్క:
మేస్త్రీలకి గడప అంటే టైల్‌కి అడ్డొచ్చే చెక్క. ద్వారబంధానికి అది నాలుగో కాలు. రెండు నిలువు కమ్మీలనీ కింద పట్టి ఉంచేది అదే. రంపం పెట్టాక కమ్మీలు ఓ పిసరు పక్కకి జరిగినా తాళం నాలుక గాడిలో పడదు.

ఇంకొకటి. మనకి గడప చెక్కముక్క కాదండి. శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టేది దానికే, కొత్త కోడలు బియ్యం చెంబు కాలితో తోసి లోపలికి వచ్చేది దాని మీదుగానే. హిరణ్యకశిపుణ్ణి నరసింహస్వామి సంహరించింది గడప మీదే కదా, ఇంటా కాదు బయటా కాదు అని. గడప మీద కూర్చోవద్దని పెద్దలు అనడంలో ఆ గౌరవం ఉంది. దాన్ని ఒక్క పూటలో చెత్తబండిలో వేయమనడం నాకు మింగుడుపడదు. గడప ఉంచి రెండు పక్కలా రబ్బరు ర్యాంపు వేస్తే సరిపోదా?

వాలు1:12:
టేకుచెక్క గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ర్యాంపు లెక్క కుదరదు. ఒకటికి పన్నెండు వాలు పెడితే కారిడార్ వైపు 38 మి.మీ.కి 456 మి.మీ. పొడవు కావాలి. అది అందరూ నడిచే దారి. మంటలు లేచి పొగ కమ్మినప్పుడు అదే కాళ్లకి అడ్డం.

లోపలి వైపు ఇంకా చిక్కు. తలుపు అటే తెరుచుకుంటుంది. గడపలో తలుపు ఆనే గాడి 12 మి.మీ. లోతు, పైన 2 మి.మీ. ఖాళీ అనుకుంటే తలుపు అడుగు పాత నేలకి 28 మి.మీ. ఎత్తులో ఉంటుంది. కొత్త టైల్ పడ్డాక 13. ఇరవైమూడు మి.మీ. ర్యాంపు మీదుగా 13 మి.మీ. ఎత్తులో తలుపు ఎలా తిరుగుతుంది?

తూర్పువాకిలి:
అంటే గడప తీస్తే తలుపు కింద 13 మి.మీ. ఖాళీ అలాగే ఉంటుందా? బొద్దింకలు, దుమ్ము మాటేమిటి?

మట్టంగొట్టం:
ఉంటుంది. కొత్త టైల్ వేస్తే తలుపు కింద కోయాలని చాలామంది అలవాటుగా కోసేస్తారు. ఇక్కడ కోయకూడదు, కలపాలి. తలుపు అడుగున 8 మి.మీ. టేకు పట్టీ జిగురు పెట్టి, స్క్రూలు బిగించాలి. ఐదు మి.మీ. మిగులుతుంది. తలుపు వేయగానే కిందికి దిగే సీల్ దాన్ని మూసేస్తుంది. బ్రష్ సీల్ చవక. కానీ రోజూ నేల మీద రాసుకుని వెంట్రుకలు వంగిపోతాయి.

టేకుచెక్క:
సరే, ర్యాంపు మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే కోసే పద్ధతైనా సరిగ్గా ఉండాలి. గడపని మొత్తం పెకలించొద్దు. కమ్మీల కింది కొసలు గడపలోకి దిగి ఉంటాయి. అడుగున చెక్క లాగేస్తే కమ్మీలు గాల్లో వేలాడతాయి. ముందు ఒక్కో కమ్మీకి హోల్డ్‌ఫాస్ట్‌లు (కమ్మీని గోడకి పట్టి ఉంచే ఇనప పట్టీలు) మూడూ గట్టిగా ఉన్నాయో లేదో తట్టి చూడండి. డొల్లగా మోగితే ముందు అక్కడ కాంక్రీటు నింపాలి. తర్వాత నేలకి అడుగు ఎత్తున రెండు కమ్మీల మధ్య ఒక రీపర్ (సన్న చెక్క బద్ద) బిగించి, అప్పుడు రంపం పట్టండి. మొదట నడుమ రెండు కోతలు కోసి ఆ ముక్క తీసేయండి. ఆ తర్వాత కమ్మీ లోపలి అంచుకి సమంగా కోయండి. కమ్మీల కింద మూడేసి అంగుళాల గడప ముక్కలు అక్కడే ఉండిపోతాయి. బరువు వాటి మీదే ఉంటుంది.

కోసిన కొసలు నీళ్లు పీల్చేస్తాయి. ప్రైమర్ రెండు పూతలు వేయకుండా సిమెంటు తగలనివ్వొద్దు. గుంతలో చెదల మందు కొట్టి, ఆరాక 1:3 సిమెంటు మాలు (ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక) నింపండి. రీపర్ మూడు రోజులు తీయొద్దు.

ఆ రెండు ముక్కలకి పసుపు రాయొచ్చు, బొట్టు పెట్టొచ్చు. అక్కడ ఎవరి కాలూ పడదు. ఈ ఒక్క కారణానికే నేను ఒప్పుకుంటున్నా.

కడపలింగంపల్లి:
మా దిక్కు గడపని కడప అంటరు. ఒక్క మాట యాదుంచుకోండి, ఇదంతా పై అంతస్తు ఫ్లాట్ లెక్క. నేల మీది ఇల్లయితే కడప తీయకుండ్రి. తేళ్లు, జెర్రులు వాన కాలంల తలుపు కింది సందులకెల్లే వస్తయి. అక్కడ ముంగట మెట్లు ఎట్లయినా ఉంటయి, ముసలోళ్లకు పట్టుకునే కమ్మీ పెడితే అదే మేలు. ఫ్లాట్‌ల గూడ కారిడార్ ఒక దిక్కు తెరిచి ఉండి వాన కొడుతుంటే, నీళ్లు గుమ్మం దిక్కు వస్తున్నయా, అవతలికి పోతున్నయా, ఒక బకెట్ పోసి చూసినంకనే కోయుండ్రి. ఇటే వస్తే ఆ 15 మి.మీ. ఆపలేదు.

వాలు1:12:
బకెట్ పరీక్ష తప్పనిసరి, నిజం. ఇక గ్రానైట్ ముక్క. బంధం మందం 125 మి.మీ. కదా, 15 మి.మీ. దిగితే ఇంచుమించు 1:8 వాలు వస్తుందని మేస్త్రీలు మొత్తం ముక్కని ఏటవాలుగా వేసేస్తారు. అది తప్పు. తలుపు బంధం లోపలి అంచున ఉంటుంది, దాని కింద 40 మి.మీ. చదునుగా లేకపోతే సీల్ సరిగ్గా ఆనదు. మిగిలేది 85. అందులో 15 దిగితే దాదాపు 1:6, వాకర్‌కి నిటారు. కాబట్టి 10 మి.మీ. మాత్రమే దించి, బయటి అంచున 5 మి.మీ. వదిలి గుండ్రంగా నూరించండి. 1:8.5 వస్తుంది. ముక్క పొడవు మూడడుగులు. నున్నటి పాలిష్ వద్దు, ముగ్గుపిండి మీద తడి పడితే జారుతుంది. తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ తీసుకోండి. రంగు మాత్రం టైల్‌కి భిన్నంగా ఉండాలి. తెల్ల టైల్ పక్కన నల్లరాయి ఉంటే చూపు తగ్గినవాళ్లకి కూడా అంచు తెలుస్తుంది.

మట్టంగొట్టం:
ఒప్పుకుంటున్నా. నేనూ 125 లెక్కే వేశాను. ఇంకొకటి, తలుపు కింది గొళ్లెం ఇదివరకు గడప రంధ్రంలో దిగేది. రాయి పరిచాక డ్రిల్ చేస్తే అంచు పెట్లిపోతుంది. రాయి కోయించేటప్పుడే రంధ్రం వేయించి, గొళ్లెం దిగే ఇత్తడి గిన్నె అందులో దింపించండి.