అప్‌డేట్: .32 పిస్టల్ మధ్యలో ఆగిపోవడం – కారణం దొరికింది

నా పిస్టల్‌లో రెండు మూడు రౌండ్ల తర్వాత స్లైడ్ (కాల్చిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి ముందుకొచ్చే పై భాగం) పూర్తిగా ముందుకి రాకుండా ఆగిపోతోందని ఇంతకుముందు అడిగాను. బెంగళూరులోనే లైసెన్సున్న ఆర్మరర్‌కి (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) చూపించాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. మ్యాగజైన్ (తూటాలు పేర్చే పెట్టె) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది.

సమస్య రిమ్‌లాక్. ఈ పిస్టల్ వాడే .32 ఏసీపీ తూటా కేసుకి (మందు ఉండే లోహపు తొడుగుకి) అడుగున రిమ్ (అంచు) కొంచెం బయటికి ఉంటుంది. పై తూటా రిమ్ కింది తూటా రిమ్‌కి ముందుండాలి. వెనక్కి జారితే స్లైడ్ నెట్టినప్పుడు రెండూ పెనవేసుకుంటాయి, పై తూటా ముక్కు కిందికి వాలి ఇరుక్కుపోతుంది. నేను వాడుతున్న పొట్టి తూటాలవల్ల మ్యాగజైన్‌లో ముందు ఖాళీ మిగిలి, రీకాయిల్‌కి (కాల్చినప్పుడు వచ్చే వెనక కుదుపుకి) అవి అటూ ఇటూ జరిగేవి. దాదాపు 25 మి.మీ. పొడవున్న మామూలు ఫుల్ మెటల్ జాకెట్ (గుండుకి లోహపు తొడుగున్న) రౌండ్లకి మారాక మళ్లీ ఇరుక్కోలేదు. లోడ్ చేసేటప్పుడు ప్రతి తూటా కింది దాని రిమ్ దాటి కూర్చుందో లేదో మ్యాగజైన్ పక్క రంధ్రాల్లోంచి చూస్తున్నాను.

రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని ముందుకి నెట్టేది), ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసుని బయటికి లాగే కొక్కెం) బాగానే ఉన్నాయి. పిస్టల్ మీద చేతి పట్టు వదులైతే తరచూ ఖాళీ కేసు ఇరుక్కుంటుంది, ఇక్కడ ఇరుక్కున్నది నిండు తూటా, కాబట్టి పట్టు మీద అనుమానం తగ్గింది. ర్యాంప్ (తూటా గొట్టంలోకి ఎక్కే వాలు) పాలిష్ చేయమన్న సలహా పాటించకపోవడమే మేలైంది, అరగదీసింది తిరిగి రాదు.

రిమ్‌లాక్ పడితే స్లైడ్ ఎంత లాగినా లాభం లేదు. గొట్టం సురక్షిత దిశలో ఉంచి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి మ్యాగజైన్ తీయండి, ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూశాకే మ్యాగజైన్ ఖాళీ చేయండి.