ఆరడుగుల అక్వేరియంకు చెక్క స్టాండా, ఇనుప స్టాండా? పైన కానోపీ (ట్యాంకును కప్పే మూతపెట్టె) ఉండాలా వద్దా?

నీలిచేప, హైదరాబాద్

అందరికీ నమస్తే. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు చేయిస్తున్నాను. 12 ఎం.ఎం. గాజు. ఆస్కార్ చేపలు, ఒక గుంపు సిల్వర్ డాలర్ చేపలు వేస్తాను. మాది మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో గోడకు ఆనించి పెట్టి, స్టాండు లోపల మూడడుగుల సంప్ (ట్యాంకు నీటిని వడకట్టే తొట్టె) పెట్టాలని ఆలోచన.

ట్యాంకు చేసే షాపాయన ఇనుప స్టాండు తప్ప వేరేది పెడితే పూచీ నాది కాదని తేల్చేశారు. మా వడ్రంగేమో టేకుతో చేస్తే ఏనుగు ఎక్కినా కదలదంటున్నారు. హాల్లో సామానంతా టేకుదే కాబట్టి అమ్మకు చెక్కదే కావాలి, పైన అదే చెక్కతో కానోపీ కూడా కావాలి. ఇద్దరి మాటా విన్నాక నాకు టెన్షన్ ఎక్కువైంది. ఇలాంటి పెద్ద ట్యాంకుకు చెక్క నిజంగా ఆగుతుందా? కానోపీ వల్ల లాభమా నష్టమా? తెలిసినవాళ్ళు కారణంతో సహా చెప్పండి.

వెల్డింగ్‌షాపు, విజయవాడ

చెక్క వద్దన్నా. ఆటోనగర్‌లో రెండంగుళాల చదరపు పైపు తెచ్చి ఇస్తే ఫ్రేము ఒక్కరోజు పని. చెద పట్టదు, పుచ్చదు. అమ్మగారికి చెక్క కనపడాలంటే ఇనుప ఫ్రేము చుట్టూ ప్లైవుడ్ తొడిగి పైన టేకు వెనీర్ (పలచటి చెక్క పొర) అతికించుకోవచ్చు. బరువు ఇనుము మోస్తుంది, అందం చెక్క చూసుకుంటుంది.

మా వీధిలో ఒకాయన షాపువాళ్ళు ఇచ్చిన రెడీమేడ్ క్యాబినెట్ మీద నాలుగడుగుల ట్యాంకు పెట్టారు. ఫిల్టరు పైపు దగ్గర చుక్క చుక్క కారి తలుపు కింది అంచు సన్‌మైకా వెనక ఉబ్బింది. గోరుతో నొక్కితే తడి రొట్టెలా లోపలికి దిగింది. నీళ్ళున్నచోట చెక్క పెట్టడమంటే అంతే.

టేకుపొట్టు, రాజమండ్రి

వెల్డింగ్‌షాపు గారూ, మీరు చూసినది చెక్క కాదండీ, పొడిని జిగురుతో అదిమి చేసిన బోర్డు. దాన్ని చూసి టేకు మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. మా ఇంట్లో మూడు తరాలుగా వడ్రంగమే, కాబట్టి లెక్కతోనే చెబుతాను.

ముందు బరువు. 6×2×2 అంటే 24 ఘనపుటడుగులు, నిండా పోస్తే 680 లీటర్లు. పైన రెండంగుళాలు వదిలితే 620 దాకా ఉంటుంది. 12 ఎం.ఎం. గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది, అన్ని పలకలూ కలిపితే 120 కిలోలు. ఇసుక, రాళ్ళు కలిపి మొత్తం 850 అనుకోండి.

ఇక మోసే శక్తి. మూడంగుళాల చదరపు టేకు కాలు అడ్డకోత 56 చదరపు సెంటీమీటర్లు పైమాటే. నిలువు నారలో చదరపు సెంటీమీటరుకు 50 కిలోలేనని మరీ జాగ్రత్తగా లెక్కేసినా ఒక్క కాలు 2,800 కిలోలు మోస్తుంది. కాలు నలిగిపోతుందన్న భయం అక్కర్లేదు.

స్టాండు దెబ్బతినేది వేరేచోట. మొదటిది, బరువు స్క్రూల మీద వేలాడటం. పై దూలం కాలి పక్కన పెట్టి స్క్రూ బిగిస్తే 850 కిలోలూ ఆ స్క్రూల మీదే ఉంటాయి. దూలం కాలి నెత్తి మీద కూర్చోవాలి. లేదా కాలిలో గాడి తొలిచి అందులో కూర్చోబెట్టాలి. అప్పుడు స్క్రూకు పట్టి ఉంచే పనే తప్ప మోసే పని ఉండదు. రెండోది, పక్కకు ఊగడం. నాలుగు కాళ్ళు ఎంత లావున్నా వెనక పలక లేకపోతే ఫ్రేము ఒరుగుతుంది. వెనక వైపంతా 18 ఎం.ఎం. ప్లైవుడ్ జిగురు, స్క్రూలతో బిగిస్తే ఊగదు. పైపులకు రంధ్రాలు కావాలంటే పలకలో కొంచెం కోసుకోండి గానీ పలక మొత్తం తీసేయమంటే ఒప్పుకోకండి.

మూడోది దూలం కుంగడం. 4×2 అంగుళాల చెక్కను పడుకోబెట్టి వాడితే ఎంత కుంగుతుందో, నిలబెట్టి వాడితే అందులో నాలుగో వంతే కుంగుతుంది. చెక్క అదే, ధర అదే. చాలా స్టాండ్లలో దాన్ని పడుకోబెట్టే కొడతారు, చూస్తే బాధేస్తుంది.

వెల్డింగ్‌షాపు, విజయవాడ

లెక్క బాగుంది. ఇనుముకూ అదే లెక్క కట్టండి మరి. ఉక్కు బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, టేకుకు ఇరవై రెట్లు. ఆ సంగతి మీరు రాయలేదు.

టేకుపొట్టు, రాజమండ్రి

కడతానండీ. ముందువైపు దూలం ఒక్కటే సుమారు 450 కిలోలు మోయాలి, ఆరడుగుల మధ్యలో ఆధారం లేదు అనుకుందాం. మీరు చెప్పిన రెండంగుళాల పైపు 16 గేజిది, అంటే మందం 1.6 ఎం.ఎం. రెండు చివర్లా కాళ్ళ మీద ఊరికే ఆనించి ఉందనుకుని లెక్కేస్తే మధ్యలో సెంటీమీటరు పైనే కుంగుతుంది, దాదాపు 14 ఎం.ఎం. 6×2 టేకు నిలబెట్టి పెడితే రెండున్నర ఎం.ఎం. దగ్గర ఆగుతుంది. ఉక్కు బిగువు ఎక్కువన్నది నిజమే. కానీ దూలం ఎత్తు మూడు రెట్లయితే బిగువు ఇరవయ్యేడు రెట్లవుతుంది. పైగా పైపు లోపలంతా బోలు.

ట్యాంకు ముందు గాజు రెండడుగుల ఎత్తున్న పలక, అది తనంతట తాను వంగదు. కింద స్టాండు దిగినా గాజు దిగదు. అప్పుడు అడుగు గాజుకూ పక్క గాజుకూ మధ్య ఉన్న సిలికాన్ అతుకు మీద లాగుడు పడుతుంది. లీకు మొదలయ్యేది అక్కడే.

వెల్డింగ్‌షాపు, విజయవాడ

మధ్య కాలు లేకుండా రెండంగుళాల పైపుతో ఆరడుగులు వేయమని నేను చెప్పలేదు. మధ్యలో కాలు వేస్తే పొడవు సగమైపోతుంది, కుంగడం పదహారో వంతుకు పడిపోతుంది, అంటే ఎం.ఎం. లోపే. మధ్య కాలు వద్దంటే 4×2 పైపు, రెండు ఎం.ఎం. మందం, నిలబెట్టి వేస్తాం. అదీ మీ టేకు దూలమంతే గట్టిగా ఉంటుంది, ఎత్తు మాత్రం నాలుగంగుళాలే. కింద సంప్‌కు రెండంగుళాలు ఎక్కువ దొరుకుతాయి. సంప్‌లో చెయ్యి పెట్టి శుభ్రం చేసేవాళ్ళకు ఆ రెండంగుళాల విలువ తెలుస్తుంది.

ఇంకో సంగతి. మీలాంటి పనివాళ్ళు దొరికితే చెక్క మంచిదే, కాదనను. కానీ ఊళ్ళో చాలామంది ఇప్పుడు ప్లైవుడ్ కోసి, మేకులు కొట్టి, సన్‌మైకా అతికిస్తున్నారు. గాడి తొలిచి దూలం కూర్చోబెట్టేవాళ్ళు ఎంతమంది? వెల్డింగ్ అతుకు సరిగ్గా పడిందా లేదా పైకి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. చెక్క లోపలి అతుకు కనపడదు.

టేకుపొట్టు, రాజమండ్రి

ఆ చివరి మాట ఒప్పుకుంటాను. అందుకే జిగురు పెట్టకముందు ఫ్రేమును ఉత్తినే బిగించి చూపించమని అడగండి. మంచి పనివాడు సంతోషంగా చూపిస్తాడు.

స్లాబులెక్క, హైదరాబాద్

సివిల్ ఇంజనీరును. స్టాండు గురించి ఇంత చర్చ జరిగింది, దాని కింద ఉన్న నేల గురించి ఎవరూ అడగలేదు.

ఇళ్ళ స్లాబులకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు 200 కిలోల వాడుక భారం (మనుషులు, సామాను బరువు) తీసుకుంటారు. మీ ట్యాంకు, స్టాండు, సంప్ కలిపితే ఒక టన్ను, అదీ 1.1 చదరపు మీటర్ల జాగాలో. ఆ అంకె చూసి హడలిపోకండి, హాలు మొత్తానికి లెక్కేస్తే మోసే శక్తి దీనికి మించే ఉంటుంది. కానీ ఎక్కడ పెడుతున్నారన్నదే అసలు ప్రశ్న. కింద బీమ్ ఉన్న గోడ వెంబడి, పిల్లర్‌కు దగ్గరగా అయితే మంచిది. గది మధ్యలో వద్దు. బాల్కనీలో అసలే వద్దు. గోడ ఉంది కదా అని బీమ్ ఉందనుకోవద్దు, ఫ్లాట్లలో చాలా గోడలు స్లాబు మీద కట్టినవే. అపార్ట్‌మెంటు స్ట్రక్చరల్ డ్రాయింగ్ తీసుకుని ఇంజనీరుకు ఒకసారి చూపించండి.

చెక్కా ఇనుమా అంటే నేను చెక్క వైపే. కారణం స్టాండు అడుగు. ఇనుప స్టాండ్లు సాధారణంగా నాలుగైదు సన్నటి కాళ్ళ మీద నిలబడతాయి. ఒక్కో కాలి కింద 200 నుంచి 250 కిలోలు రెండంగుళాల జాగాలో పడతాయి. విట్రిఫైడ్ టైలు కింద సిమెంటు సరిగ్గా నిండకపోతే అక్కడ టైలు పగులుతుంది. చెక్క క్యాబినెట్‌కు చుట్టూ పీఠం ఉంటుంది, బరువు పొడవునా పరుచుకుంటుంది.

వెల్డింగ్‌షాపు, విజయవాడ

ఇంజనీరు గారూ, ఇనుప స్టాండుకు కూడా అడుగున చుట్టూ పైపు వేస్తాం. రేటు తగ్గించమన్నప్పుడే దాన్ని తీసేసేది.

సాగరతీరం, విశాఖపట్నం

నాది ఉప్పునీటి ట్యాంకు. ఉప్పునీరు ఉంటే ఇనుము మాట ఎత్తకండి. రెడ్ ఆక్సైడ్ కొట్టి పైన ఎనామిల్ పెయింటు వేసినా పైపు లోపలికి పెయింటు వెళ్ళదు. చివర మూయని కాలిలోకి తేమ పోయి లోపల్నుంచి తుప్పు తింటుంది. ఒకరోజు తెల్ల టైలు మీద ఎర్రటి చార కనపడుతుంది, అప్పటికే పైపు పలచబడి ఉంటుంది. మీది మంచినీటి ట్యాంకు కాబట్టి అంత భయం లేదు గానీ, ఇనుమే వేయిస్తే పైపు చివర్లన్నీ వెల్డింగ్‌తో మూయించండి.

కానోపీ మాత్రం నేను వద్దంటాను. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 580 కిలో క్యాలరీల వేడి తీసుకుపోతుంది. మీ 620 లీటర్ల ట్యాంకులో అది ఇంచుమించు ఒక డిగ్రీతో సమానం. ఎండాకాలంలో నీటిని చల్లబరచడానికి మనకున్న చవకైన దారి ఇదే. మూసిన కానోపీ పెట్టి, లోపల లైట్లు బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. నీటి వేడి పెరిగేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగితే ముందు దెబ్బతినేది పెద్ద చేపలే.

ఓరుగల్లు ఆస్కార్, వరంగల్

సాగరతీరం అన్నా, నువ్వు చెప్పింది సైన్సే. కానీ ఈయన వేసేది ఆస్కార్లు, సిల్వర్ డాలర్లు. సిల్వర్ డాలర్లు మహా పిరికివి. రాత్రి ఎవరైనా హఠాత్తుగా లైటు వేస్తే గుంపు గుంపంతా బెదిరి ఎగురుతుంది. పొద్దున్నే సోఫా కింద ఎండిపోయిన చేప దొరికితే ఆ బాధ ఎలా ఉంటుందో చెప్పలేను. నేనైతే మూత లేకుండా వాటిని ఉంచనే ఉంచను.

మూత అంటే గాలాడని పెట్టె అని ఎందుకనుకోవాలి? కానోపీ ఎత్తు తొమ్మిది పదంగుళాలు పెట్టి, వెనక వైపు పూర్తిగా తెరిచి ప్లాస్టిక్ జాలీ బిగించొచ్చు. పక్కల్లో కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, ఒకటి గాలి లోపలికి, ఒకటి బయటికి. అవి నీటి మీదుగా గాలి తోలుతుంటే ఆవిరి ఇంకా ఎక్కువే పోతుంది, తెరిచి ఉంచిన ట్యాంకు కంటే చల్లగా ఉంటుంది. హైదరాబాద్, వరంగల్ ఎండలు పొడివి కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. మీ విశాఖలో గాలిలోనే తేమ ఉంటుంది, అక్కడ దీనికి అంత ఫలితం రాదు. ఊరు మారితే జవాబు మారుతుందన్నా.

సాగరతీరం, విశాఖపట్నం

చేప ఎగిరే మాట నిజమే తమ్ముడూ, దానికి పైన ఒక జాలీ చాలు కదా. ఫ్యాన్ల వల్ల ఆవిరయ్యే నీరంతా కానోపీ చెక్కను తాకుతూనే పోతుంది. టేకు అయినా రెండు ముఖాల్లో ఒకవైపు రోజంతా తడి, ఒకవైపు పొడి అంటే పలక వంగుతుంది.

టేకుపొట్టు, రాజమండ్రి

వంగేది ఒకే వెడల్పాటి పలకతో చేస్తే. కానోపీకి చట్రం టేకుతో, మధ్య పలక మెరైన్ ప్లైతో (నీటిని తట్టుకునే ప్లైవుడ్‌తో) చేయాలి. ప్లైలో పొరలు అడ్డం నిలువు వేస్తారు కాబట్టి వంగడం తక్కువ. కొనేటప్పుడు 'వాటర్‌ప్రూఫ్' అన్న నోటి మాట నమ్మొద్దు. షీటు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు 710 అంకె చూడండి. ఆ రకాన్ని 72 గంటలు ఉడకబెట్టి పరీక్షిస్తారు. 303 అంటే సాధారణ రకం, గదిలో అల్మారాకు బాగుంటుంది.

లోపలి వైపు తెల్ల ఎపాక్సీ పెయింటు వేయించండి, లైటు వెలుగు కూడా కిందికి బాగా దిగుతుంది. ముఖ్యంగా కోసిన అంచులు. ప్లై నీళ్ళు తాగేది అంచుల్లోంచే, కనుక అక్కడ ముఖం మీద కంటే రెండు పూతలు ఎక్కువ వేయాలి. తలుపు బందులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే. పెయింటు పూర్తిగా ఆరి, వాసన మొత్తం పోయాకే ట్యాంకు మీద పెట్టండి.

టేకు కొత్తది కొనకండి. పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, దర్వాజాలు అమ్మే డిపోలు మీ ఊళ్ళో ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క, ఇక మెలిక తిరగదు. పాత మేకులు మిగిలి ఉంటాయి, కోత మిషనుకు ఇచ్చేముందు అయస్కాంతంతో వెతికించండి.

నీలిచేప, హైదరాబాద్

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డ్రాయింగ్ తెప్పించి ఇంజనీరుకు చూపించాను. నేను అనుకున్న గోడ కింద బీమ్ లేదు, దాని ఎదుటి గోడ కింద ఉంది. ట్యాంకు అటు మారుతోంది. స్లాబులెక్క గారూ, ఆ ఒక్కమాటకు మీకు రుణపడి ఉంటాను.

స్టాండు టేకుతోనే చేయిద్దామనుకుంటున్నాను. ఒక్క చిక్కు మిగిలింది. మధ్య కాలు పెడితే ముందు వైపు ఒక్కో తలుపు మూడడుగుల కంటే తక్కువ వస్తుంది, మూడడుగుల సంప్ బయటికి రాదు. కాలు తీసేయనా?

టేకుపొట్టు, రాజమండ్రి

తీసేయకండి బాబూ. సంప్ వెడల్పు ఎంత? అడుగుంపావు అయితే స్టాండు పక్క నుంచి తీయొచ్చు. రెండు కాళ్ళ మందం పోగా పక్కన అడుగున్నర సందు ఉంటుంది. అటువైపు మూడడుగుల ఖాళీ జాగా వదిలి, ఆ చివర పలక బదులు తలుపు పెట్టించండి. ఊగకుండా రెండో చివర, వెనక పూర్తి పలకలు ఉంటాయి, తలుపు ఉన్న చివర పైమూలల్లో మూలకట్లు (ఏటవాలుగా బిగించే ముక్కలు) బిగిద్దాం.

వెల్డింగ్‌షాపు, విజయవాడ

నా ఓటు ఇప్పటికీ ఇనుముకే. అయినా చెక్కే అనుకున్నారు కాబట్టి ఒకటి చెబుతాను, ఏ స్టాండుకైనా ఇది తప్పదు. తాపీమేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో నాలుగు మూలలూ మట్టం చూడండి. తేడా ఉంటే స్టాండు కాళ్ళ కిందే సరిచేయాలి, స్టాండుకూ ట్యాంకుకూ మధ్య అట్టముక్కలు దూర్చొద్దు. ట్యాంకు కింద అంతటా ఒకే మందం థర్మోకోల్ షీటు వేయండి. నీళ్ళు ఒకేసారి నింపకుండా మూడో వంతు పోసి, ఒక రాత్రి ఆగి, మళ్ళీ మట్టం చూసి తర్వాత పోయండి. స్విచ్ బోర్డు ట్యాంకు వెనక కాకుండా పక్కన పెట్టించి, వైరు బోర్డు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా చూసుకోండి, వైరు వెంట జారిన నీటిచుక్క నేల మీద పడుతుంది గానీ ప్లగ్గులోకి పోదు.